కాలికింది నేల, తలపై కప్పు

ఇల్లు కట్టుకునేటప్పుడు గోడల రంగు గురించి మనము పదిసార్లు ఆలోచిస్తాము. నేల దగ్గరికి వచ్చేసరికి మాత్రం దుకాణంలో ఏది ఎక్కువ మెరిస్తే దానినే ఎంచుకుంటాము. మేమూ అలాగే చేశాము. హాలంతా అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైల్స్ వేయించాము. వచ్చిన బంధువులందరూ మెచ్చుకున్నారు. ఒకనాడు ఫజ్ర్ వేళ మా అమ్మీ వుజూ చేసుకుని, తడి కాళ్ళతో జానమాజ్ వైపు వస్తూ జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. అల్లాహ్ దయవల్ల మళ్ళీ లేచి తిరుగుతున్నారు గాని, సొంత ఇంట్లోనే గోడ పట్టుకుని నడుస్తున్నారు. మెచ్చుకున్నవారు ఎవరి ఇళ్ళకు వారు వెళ్ళిపోయారు. ఆ నేలమీద బతకవలసినవారము మేమేనని అప్పుడు తెలిసివచ్చింది.

మన ఇళ్ళలో దస్తర్‌ఖాన్ పరిచేది నేలమీదే. నమాజు చేసేదీ, పసిపిల్లలు పాకేదీ నేలమీదే. కాబట్టి నేలను ఎంచుకునేటప్పుడు కంటికంటే ముందు కాలిని అడగాలి.

తాండూరు, బేతంచెర్ల బండలు సున్నపురాతి జాతికి చెందినవి. వేసవిలో చల్లగా ఉంటాయి. ఎక్కువగా నునుపు చేయకపోతే తడిలోనూ కాలికి పట్టునిస్తాయి. అయితే నిమ్మరసం, చింతపండు పులుసు, బాత్‌రూము యాసిడ్ పడితే మచ్చ తేలుతుంది. గ్రానైట్ గట్టిది, మరకలు తక్కువ. పాలిష్ చేసినదైతే తడిలో జారుతుంది. విట్రిఫైడ్ టైల్ నీటిని దాదాపు పీల్చదు. అందువల్లనే మరక పట్టదు. అదే కారణంగా వట్టి సిమెంటు పాలకు సరిగా అంటుకోదు. దానిని టైల్ అడెసివ్‌తో అతికించడం మేలు. కొనేటప్పుడు మెరుపు లేని మ్యాట్ రకం అడగండి. వుజూ చేసే చోట, స్నానాలగదిలో గరుకు టైల్స్ వేయించి, మీటరుకు ఒక సెంటీమీటరుకు తగ్గకుండా వాలు పెట్టించండి.

అన్ని పెట్టెలమీదా ఒకే బ్యాచ్ నంబరు ఉందో లేదో చూసుకోవాలి. నూటికి అయిదు నుంచి పది టైల్స్ అదనంగా తెచ్చుకోవాలి. వేసిన టైల్స్ ఆరిన తరువాత ఒక్కొక్కదానినీ నాణెంతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే కింద ఖాళీ ఉన్నట్టే. మేస్త్రీ లెక్క తీర్చకముందే దానిని తీయించి మళ్ళీ వేయించాలి.

ఇక పైకప్పు. నేడు చాలామంది జిప్సం బోర్డులతోనో, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తోనో ఫాల్స్ సీలింగ్ కట్టిస్తున్నారు. స్లాబు కారుతుంటే దాని కింద అందమైన కప్పు కట్టించడం పుండుమీద పట్టుబట్ట కప్పడమే. నీరు కనబడకుండా లోపలే నానుతుంది, బోర్డు ఉబ్బుతుంది, స్లాబులోని ఇనుము తుప్పుపడుతుంది. ముందుగా మేడమీద చుట్టూ సిమెంటు గట్టు కట్టి, రెండు రోజులు నీళ్ళు నిలిపి, కింద చెమ్మ దిగుతున్నదేమో చూడండి. ఫ్యాను కొక్కెం స్లాబులోనే ఉండాలి. సీలింగ్ చట్రానికి ఫ్యాను వేలాడదీయరాదు. జాతీయ నిర్మాణ నియమావళి ప్రకారం నివాస గదికి కనీసం 2.75 మీటర్ల ఎత్తు, అంటే సుమారు తొమ్మిది అడుగులు కావాలి. ఫాల్స్ సీలింగ్ కట్టిన తరువాత ఆ ఎత్తు మిగలకపోతే ఆ ఆలోచన మానుకోవడమే మంచిది.

మా హాలు టైల్స్‌ను మేము పగలగొట్టించలేదు. అంత ఖర్చు భరించే స్థితిలో లేము. స్నానాలగది వాకిట కాళ్ళు తుడుచుకునే మందపాటి పట్టా, అక్కడినుంచి అమ్మీ గది దాకా కింద రబ్బరున్న పరుపుచాప, గోడకు ఒక స్టీలు కడ్డీ ఏర్పాటు చేశాము. ఆ రోజుకు ముందే చేసి ఉండవలసిన పని అది.

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న సోదర సోదరీమణులకు మా మనవి ఒక్కటే. టైల్స్ కొనడానికి వెళ్ళేటప్పుడు మీ అమ్మీనో, దాదీనో వెంట తీసుకువెళ్ళండి. నమూనా పలకను నేలమీద పెట్టించి, దానిపై నీళ్ళు చల్లించండి. వారి చెయ్యి పట్టుకుని, వట్టి కాళ్ళతో దానిమీద నిలబడి చూడమనండి. వారి కాలికి నచ్చినదే ఇంటికి తెచ్చుకోండి.