ప్రకృతి - వికృతి

మొన్న క్లాసులో ప్రకృతి, వికృతులు చెబుతున్నాను. సంస్కృతపు మాట తెలుగింటికి వచ్చి రూపు మార్చుకుంటే వికృతి. అగ్ని అగ్గి అయినట్టు. పక్కగదిలోంచి విన్నారు కాబోలు, గంట కొట్టగానే మా అర్థశాస్త్రం మేష్టారు పట్టుకున్నారు.

"మీ వ్యాకరణమే ప్రపంచ వ్యాపారాన్ని నడిపిందండీ!"

ఆయన చెప్పిన కథ ఇది. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తింది. యూరపు దేశాలు రష్యాను వెలివేశాయి. ఆ డిసెంబరు 5 నుంచి ఓడల మీద వచ్చే రష్యా ముడిచమురు వద్దన్నాయి. 2023 ఫిబ్రవరి 5 నుంచి డీజిలూ వద్దన్నాయి.

"మరి అక్కడ లారీలు ఆగిపోయాయా?" అన్నాను.

ఆగలేదట. యుద్ధానికి ముందు మనం తెచ్చుకునే ముడిచమురులో రష్యాది నూటికి రెండు పాళ్ళు కూడా లేదు. 2023లో మూడోవంతు దాటింది. చవకగా వస్తే చేదా? అది జామ్‌నగరు వంటి చోట్ల శుద్ధి అయి, డీజిలై, యూరపుకే ఓడ ఎక్కింది. శుద్ధిచేసిన దేశమే దాని పుట్టిల్లని అప్పటి నిబంధన. ప్రకృతి రష్యాది, వికృతి మనది!

"వెలివేసినవాడి పాలు పనికిరావు గాని, పక్కింటావిడ తోడుపెట్టిన పెరుగు పనికొచ్చిందన్నమాట" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. "ఆ చమురు బొత్తిగా బజారుకు రాకపోతే ధర మండిపోతుంది. ముందు నలిగేది అప్పుచేసి కొనుక్కునే బీదదేశాలు. అందుకే పీపా 60 డాలర్లకు మించకుండా కొంటే తమ ఓడలూ, బీమా వాడుకోవచ్చని ఆ దేశాలే వెసులుబాటిచ్చాయి. చమురు రావాలి, రష్యాకు డబ్బు తగ్గాలి."

"తగ్గినా, ఎంతో కొంత చేరిందిగా?"

"చేరింది."

నా నవ్వు ఆగిపోయింది. ఆ పైకంలో కొంత ఎవరి ఇంటి మీదో గుండై పడి ఉంటుంది. అదీ వికృతే.

చివరికి యూరపువారికీ వ్యుత్పత్తి మీద శ్రద్ధ కలిగింది. రష్యా ముడిచమురుతో చేసిన డీజిలు బయటిదేశాల్లో శుద్ధి అయినా కొనరాదని 2025 జూలైలో తీర్మానించి, 2026 జనవరి 21 నుంచి అమలుపెట్టారు. కొన్ని మిత్రదేశాలకు మినహాయించి, తక్కినవారి సరుకు ఏ దేశపు చమురుతో చేసిందో రుజువు చూపాలన్నారు. మాటల పుట్టుక వెతకడమే ఇంత చిక్కు గదా, ఒకే ట్యాంకులో కలిసిన అరబ్బు చమురునూ రష్యా చమురునూ ఎవరు విడదీస్తారు?

సాయంత్రం బస్సెక్కాను. ఇందులో మండే డీజిలుకు ప్రకృతి ఏదని కండక్టరును అడగబోయి, టిక్కెట్టు తీసుకుని కూర్చున్నాను. నేనూ ఇల్లు చేరాలి గదా!