నాకు రాదను మాట

విద్యార్థి "నాకు రాదు" అని తనలో తాననుకొను మాట పెక్కుసార్లు అతనిది కాదు. ఇతరుల నోట పలుమారు విని నేర్చినది. మేధోవైకల్యముతో జన్మించిన జీవాంజి దీప్తిని వరంగల్లు జిల్లాలోని కల్లెడ గ్రామమున కొందరు హేళన చేసిరి. అట్టి మాటల నిజమును తేల్చుటకు వాదము పనికిరాదు, కొలత కావలెను. పరుగును కొలచు గడియారమునకు హేళన వినబడదు గదా! 2024 మే నెలలో జపాను దేశపు కోబె నగరమున ఆమె 400 మీటర్లను 55.07 సెకనులలో పరుగెత్తి, తన విభాగమున ప్రపంచ రికార్డు నెలకొల్పెను. సెప్టెంబరు 2న పారిస్ పారాలింపిక్స్ తొలి పరుగులలో వేరొక దేశపు యువతి ఆ రికార్డును దాటినది. "ఇక నా వల్ల కాదు" అనుకొనుటకు ఎవరికైనను అది చాలును. మరునాడు తుది పరుగున దీప్తి 55.82 సెకనులలో గమ్యము చేరి, కాంస్యపతకము నందుకొనెను.