నిద్రించు యంత్రముల ఆకలి

విద్యుత్ స్తంభములు చేరని చోట ఇల్లు కట్టుకొన్నవారు ఇంటికప్పుపై సౌరఫలకమును, మూలగదిలో బ్యాటరీని, గోడకొక ఇన్వర్టరును అమర్చుకొని దీపములు వెలిగించుకొనుట నేడు వింత కాదు. హోసూరు, డెంకణికోట ప్రాంతముల తోటయిండ్లలో ఇట్టి అమరికలు కలవు. అట్టి యిండ్ల పిల్లలు రాత్రి చదువునకు కూర్చుండిన కొంతసేపటికే దీపము ఆరిపోవుచున్నదనియు, మరియొక బ్యాటరీ కొనక తప్పదనియు పెద్దలు అనుకొనుట వినుచున్నాము. నా అభిప్రాయము వేఱు. కొనుటకు ముందు, ఆ యింటిలో ఏ పనియు చేయక ఊరక తినుచున్న యంత్రములెవ్వియో విచారింపవలెను. వానిలో మొదటిది ఇన్వర్టరే. ఇంటిదొంగను ఈశ్వరుడైన పట్టలేడను సామెత దీనికి చక్కగా తగును.

బ్యాటరీనుండి వచ్చునది ఏకముఖ ప్రవాహము. మన టెలివిజను, మిక్సీ మొదలగునవి కోరునది 230 వోల్టుల ఏకాంతర ప్రవాహము. ఒకదానిని మరియొకదానిగా మార్చుటయే ఇన్వర్టరు పని. మన యిండ్లలోని పెక్కు ఇన్వర్టర్లలో బరువైన ఇనుప దిమ్మెగల ట్రాన్స్‌ఫార్మరు ఒకటి యుండును. ఆ యినుము సెకండునకు 50 పర్యాయములు అటునిటు అయస్కాంతీకరింపబడుచు వేడెక్కును. ఇంటిలో ఒక్క దీపమైనను వెలుగకున్నను ఈ పని ఆగదు. నడిరేయి చెవియొగ్గి వినినచో వినవచ్చు సన్నని రొద అదియే. ఆ రొదకు మూల్యము చెల్లించునది బ్యాటరీ.

ఎంత చెల్లించుచున్నది? ఒక చిన్న కుటుంబము 150 వాట్ల ఫలకమును పెట్టుకొన్నదనుకొందము. మంచి యెండ కాసిన దినమున, మార్గమధ్యమున కలుగు నష్టములు పోను, వారి చేతికి సుమారు 450 వాట్-గంటలు దక్కునని తలంతము. నగరములోని వారి బిల్లులో ఒక యూనిటనగా 1000 వాట్-గంటలు. అనగా ఈ కుటుంబమునకు దినమంతటికిని లభించునది అర యూనిటైనను కాదు. ఊరకున్న ఇన్వర్టరు 12 వాట్లు తినునదైనచో, ఇరువదినాలుగు గంటలలో 288 వాట్-గంటలు తినును. టెలివిజనుతో కూడ వచ్చు సెట్‌టాప్ పెట్టె, చూడని 20 గంటలలో గంటకు 8 చొప్పున 160 తినును. రెండును కలిసి 448. ఇక ఇంటివారికి మిగిలినది రెండు!

ఇందు దీపము లెక్క యింకను రాలేదు. పిల్లవాడు చదువుకొను 9 వాట్ల దీపము 5 గంటలు వెలిగినను దానికి కావలసినది 45 వాట్-గంటలు మాత్రమే. అన్నిటికంటె తక్కువ తినునది దీపము. అన్నిటికంటె ముందుగా “ఇక ఆర్పి పడుకొమ్ము” అను మాట పడునదియు దానికే. ఇది న్యాయముగా లేదు.

“ఎండ ఉచితమే కదా, కొంత పోయిననేమి?” అని కొందరందురు. ఎండ ఉచితమే, దానిని దాచిపెట్టుట ఉచితము కాదు. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో 1200 వాట్-గంటలు పట్టును గాని, దాని ఆయువు కోరువారు అందు సగమునకు మించి వాడరాదు. దినదినమును అడుగంట తోడినచో పలకలపై గంధకిత లవణము గట్టిపడి బ్యాటరీ త్వరలోనే పనికిమాలినదగును. ఐప్పసి, కార్తీక మాసముల వానలు వచ్చినపుడు చిక్కు మరింత స్పష్టమగును. దట్టమైన మబ్బు పట్టిన దినమున ఫలకపు రాబడి నాల్గవ వంతునకు, ఒక్కొక్కప్పుడు అంతకంటెను తక్కువకు పడిపోవును. ఇన్వర్టరు ఆకలి మాత్రము అణుమాత్రమును తగ్గదు. దానికి 288 కావలసినదే. ఆ వానల వెంటనే, డిసెంబరు మాసమున, అర్ధసంవత్సర పరీక్షలు!

యంత్రములు నిద్రలో తినుటను గూర్చి లోకము ఇదివరకే యోచించినది. అట్టి స్థితిలో ఏ పరికరమును ఒక్క వాటునకు మించి తినరాదను ఆశయమును అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లో ముందుంచినది. ఐరోపా సమాఖ్య 2013 నుండి పెక్కు గృహోపకరణములకు అర వాటే హద్దుగా విధించినది. మేలే. కాని శాసనము ఒక్కొక్క పరికరమును విడివిడిగా చూచును. బ్యాటరీకి తెలిసినది మొత్తము మాత్రమే.

కాగా చేయవలసినదేమి? నేను చెప్పునది కొత్త విద్య కాదు. దీపములను ఇన్వర్టరు మీద ఆధారపడనీయక, ఛార్జి కంట్రోలరునుండి నేరుగా 12 వోల్టుల దీపములకు వేఱు తీగ లాగించుకొనవలెను. అట్టి దీపములు, పంకాలు అంగళ్ళలో దొరకుచున్నవి. ఫోనుకు ఛార్జియు, కంట్రోలరునకు ఆ వసతి యున్నచో, అచ్చటనుండియే పెట్టుకొనవచ్చును. ఇన్వర్టరును మిక్సీ తిప్పునపుడును, టెలివిజను చూచునపుడును మాత్రమే వేసి, పని తీరగనే దాని మీటనే ఆర్పవలెను. దినమునకు 4 గంటలు మాత్రమే వాడినచో 288కి బదులు 48తో సరిపోవును. మిగిలిన 240తో పైన చెప్పిన దీపములు ఐదు, ఐదేసి గంటలు వెలుగును. అదిగాక, ఇన్వర్టరు ఆరగనే సెట్‌టాప్ పెట్టెయు దానంతట అదే పస్తుండును. రిమోటు నొక్కి టెలివిజనును ఆర్పితిమని తృప్తిపడువారు ఆ పెట్టెను ఒకమారు తాకి చూతురు గాక, వెచ్చగానే యుండును. మరల వేసినపుడు బొమ్మ వచ్చుటకు రెండు మూడు నిమిషములు పట్టునని పెద్దలు విసుగుకొందురేమో. కొన్ని నిమిషముల నిరీక్షణకును పిల్లవాని పాఠమునకును నడుమ ఏది ముఖ్యమో వారే నిర్ణయింతురు గాక.

కొన్ని ఇన్వర్టర్లు ఊరకున్నపుడు కునుకుతీయుచు, క్షణక్షణమును భారమున్నదా యని మాత్రము తడవి చూచుకొనును. ఇది మంచి వసతియే; కాని ఒక్క చిన్న దీపము వేసినచో దానిని గుర్తింపక నిద్ర లేవకపోవచ్చును. కొనువారు ఈ సంగతి ఎఱిగియుండవలెను. మరియొక హెచ్చరిక: ఆర్పుటయనగా మీటను ఆర్పుటయే గాని బ్యాటరీ తీగలను పీకుట కాదు. ఫలకము తగిలించియుండగా కంట్రోలరునుండి బ్యాటరీని విడదీసినచో కంట్రోలరు చెడిపోవు ప్రమాదము కలదు.

ఎవరి యింటి లెక్క వారిదే గనుక నా సంఖ్యలను నమ్మవద్దు, కొలిచి చూడుడు. తీగను చుట్టి పట్టుకొని ప్రవాహమును తెలుపు క్లాంపు మీటరు ఇందుకు చాలును. అది ఏకముఖ ప్రవాహమును కొలువగలదై యుండవలెను, చౌకరకములు పెక్కు కొలువలేవు. ఇంటిలోని సమస్తమును ఆర్పి, ఇన్వర్టరును మాత్రము వేసియుంచి, బ్యాటరీనుండి దానికి పోవు తీగలలో ఒకదానిని పట్టి చూచినచో, వచ్చిన ఆంపియర్లను 12తో హెచ్చించిన వాట్లు తెలియును. మన భౌతికశాస్త్రపు గదిలో అట్టి మీటరొకటి యుంచి, శనివారములందు పై తరగతి విద్యార్థులకు ఉపాధ్యాయుని అనుమతితో ఎరువిచ్చినచో బాగుండునని నా మనవి. క్రొత్తగా ఇన్వర్టరు కొనబోవు తల్లిదండ్రులు అంగడిలోనే అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: “ఏమియు తగిలింపకున్నపుడు ఇది ఎంత తినును?” అమ్మువాడు చెప్పలేనిచో, అక్కడనే బ్యాటరీకి తగిలించి కొలిచి చూపుమని కోరుట కొనువారి హక్కు.