బ్రహ్మస్థానం ఎవరిది?

నగరంలో అపార్టుమెంటు కొనదలచిన గృహస్థు మొదట విచారించేది సింహద్వారం ఏ దిక్కున ఉన్నదని. పిదప వంటగది ఆగ్నేయంలో ఉన్నదా, పడకగది నైరృతిలో ఉన్నదా అని అడుగుతాడు. సముదాయం నడుమ ఏమున్నదని అడిగేవారు అరుదు. వాస్తుశాస్త్రంలో ప్రధానస్థానం మాత్రం ఆ నడుమదే.

81 పదాల వాస్తుమండలంలో మధ్యనున్న 9 పదాలు బ్రహ్మదేవునివి. అనగా స్థలంలో తొమ్మిదవ వంతు. అక్కడ గోడను గాని స్తంభాన్ని గాని నిలుపరాదని సంప్రదాయం. గోదావరి సీమలోని మండువా లోగిళ్లు ఈ సూత్రానికి సాకారరూపాలు. నడుమ తెరచిన ఆకాశం నుండి ఎండ, గాలి, వాన ఇంటి నడిమి నేలపైకి దిగివచ్చేవి. పంచభూతాలూ ఒక్కచోట సంగమించేవి. చుట్టూ ఉన్న గదులన్నీ ఆ మండువాలోకే తెరచుకొనేవి. ఆ నేల ఏ ఒక్కరిదీ కాదు, కనుకనే ఇంటిల్లిపాదిదీ.

వందలాది కుటుంబాలు ఒకే ప్రాకారంలో నివసించే చోట ఉమ్మడి హరితప్రాంగణమే బ్రహ్మస్థానం. అయితే పచ్చదనం కనబడినంత మాత్రాన అది సిద్ధించదు. క్రింద సెల్లారు త్రవ్వి, స్లాబుపై జానెడు మట్టి పోసి పచ్చిక పరిస్తే అందులో వేపచెట్టు వేరూనదు, వాననీరు భూగర్భానికి చేరదు. అది పృథివీతత్త్వం లేని అలంకారం. ఇరువైపులా ఆకాశాన్నంటే అంతస్తులు లేపి నడుమ ఇరుకు సందు విడిస్తే అది ఎండ సోకని నూతి వంటిదే. అక్కడ ఆకాశతత్త్వం లేదు. కనుక ప్రాంగణం క్రింద కొంతమేరకైనా సహజభూమి మిగలాలి, వెడల్పు భవనాల ఎత్తుకు తగినట్లుండాలి. నడుమ వేప, ఉసిరిక వంటి చెట్లు నాటాలి. రావి, మర్రి వేళ్లు గోడలను చీల్చగలవు గనుక వాటికి దూరస్థలమే ఉచితం.

అంత స్థలాన్ని విడిస్తే ధర పెరుగుతుంది గదా అని కొందరి ఆక్షేపం. అది అసత్యం కాదు. కాని త్యాగంతో కూడిన అనుభవమే ధర్మమని ఈశావాస్యోపనిషత్తు బోధిస్తున్నది. ప్రతి గృహస్థూ కొంత విడిచినప్పుడే అందరికీ నీడ లభిస్తుంది. కార్తికంలో ఉసిరిక నీడన వనభోజనం, ఉగాదినాడు పంచాంగశ్రవణం, తెలంగాణలో బతుకమ్మ ఆట, ఇవన్నీ సాగేది ఆ విడిచిన నేలపైననే.

ఇంతకంటె సూక్ష్మమైన దోషం మరొకటి ఉన్నది. కావలివాని బిడ్డలు ఆ పచ్చికపై అడుగు పెట్టరాదని నియమం విధించే చోట ఏ దిక్కున ద్వారం పెట్టినా ప్రయోజనమేమి? సర్వభూతాలలో ఈశ్వరుని దర్శించమన్న శాస్త్రాన్నే వాస్తు పేరిట అతిక్రమించినట్లు కాదా?

ద్వారం తూర్పున ఉన్నదా అని అడగడం తప్పు కాదు. నడిమి నేల సజీవమా, అది అందరిదీయా అని కూడా అడిగిననాడే ఆ ప్రశ్నకు సార్థకత.