చిరుకంచు ప్రతిమల సేకరణ: ‘సంరక్షణ’ వాదంపై ఒక విమర్శ

1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలాన నిర్మితమైన పురానాపూల్ సమీపంలో, గురువారాలు జరిగే జుమేరాత్ బజారులో పాత సామానుతో పాటు అరచేతిలో ఇమిడే లోహప్రతిమలూ అమ్మకానికి వస్తుంటాయి. వాటిని కొనే సేకర్తలు ప్రధానంగా ఒక వాదం వినిపిస్తారు: తాము కొనకపోతే అవి తూకానికి పోయి మూసలో కరుగుతాయి; కనుక సేకరణే సంరక్షణ. ఇందులో సత్యం సగమే. లోహం మిగులుతుంది, చరిత్ర మిగలదు.

చిరుప్రతిమలపై శాసనాలు అరుదు. వాటి కాలనిర్ణయానికి శైలి ఒక్కటే చాలదు. లభ్యస్థలం, దొరికిన పొర, పక్కన ఉన్న వస్తువులు తెలియాలి. గుంటూరు ప్రాంతపు బుద్ధాంలో 19వ శతాబ్దంలో బయల్పడిన కంచు బుద్ధప్రతిమలు నేడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ తరలింపు సమర్థనీయం కాదు. అయినా ఊరిపేరు నిలిచినందువల్లనే వాటిని కృష్ణాతీర బౌద్ధసంప్రదాయంతో అనుసంధించి చర్చించడం సాధ్యమవుతున్నది. సముద్రం దాటిన ప్రతిమకు మిగిలిన ఊరు, మూసీ ఒడ్డుకు చేరిన ప్రతిమకు మిగలడం లేదు. పైగా మెరుపు కోసం చింతపండుతో తోమినప్పుడు చిలుముతో పాటు భూగర్భవాసపు ఆధారమూ తొలగిపోతుంది. ఇక నిన్న పోతపోసినదానికీ ప్రాచీనమైనదానికీ భేదం చెప్పడం కష్టం.

సాలార్‌జంగ్ సేకరించకుంటే మ్యూజియం ఎక్కడిదని కొందరు ప్రశ్నిస్తారు. మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరణ ఆయన మరణానంతరం 1951లో ప్రజాదర్శనానికి తెరుచుకున్నది. 1961లో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. తాళం వేసిన బీరువాలకు ఆ ఉదాహరణ వర్తించదు.

నూరేళ్లు పైబడిన లోహశిల్పాన్ని నమోదు చేయించాలని, లైసెన్సు లేనిదే పురావస్తు వ్యాపారం చేయరాదని 1972 నాటి పురావస్తు చట్టం నిర్దేశిస్తున్నది. చట్టం చేరని చోట ధర చేరుతుంది. ధర పలికిన చోటికి గునపం చేరుతుంది.

ఇందులో విద్వాంసుల బాధ్యత తక్కువేమీ కాదు. లభ్యస్థలం అడగకుండానే ‘ప్రాచీనాంధ్ర శైలి’ అని రాసిచ్చే పరిశోధకుడు చరిత్రను రాయడం లేదు, వెలను నిర్ణయిస్తున్నాడు. పూజామందిరం నుంచి వచ్చిన ప్రతిమైతే ఆ కుటుంబం చెప్పే ఊరు, పండుగ, కొలుపు లిఖితం కావాలి. ఏ వివరమూ చెప్పలేని ప్రతిమకు పరిశోధనపత్రంలో చోటు నిరాకరించాలి. విశ్వవిద్యాలయాల పరిధిలో ఉన్న సంరక్షణోపాయం ఇదే.