వంగి లేచేదే గాలపు కర్ర

చెరువులు నిండిన రోజుల్లో కావలి చుట్టుపక్కల గట్ల మీద గాలాలు వెలుస్తాయి. ఎర ఏది, కొక్కెం ఎంతది అని గంటలకొద్దీ చర్చ. కర్ర దగ్గరికొచ్చేసరికి మాత్రం... తేలిగ్గా ఉంటే చాలంటారు చాలామంది. తేలికైనదల్లా మంచిది కాదండీ!

ముందు వెదురు సంగతి. లేత గెడ ఎండితే తేలికే, కానీ పురుగుకు విందు. మూడేళ్లు దాటిన గెడ కావాలి. మొదలు నుంచి కొన దాకా క్రమంగా సన్నబడాలి. నీడలో ఆరబెట్టాలి. నునుపు కోసం పైతోలు చెక్కేస్తారు కొందరు... వద్దు. వెదురు బలమంతా ఆ పై పొరలో ఒత్తుగా ఉండే నారలోనే ఉంది. ఇక అసలు పరీక్ష. కొనకు దారం కట్టి చిన్న రాయి వేలాడదీయండి. వంపు ఎక్కడా విరిగినట్టు కాకుండా విల్లులా సాగాలి. రాయి తీసేశాక కొన ఎంత త్వరగా కుదురుకుంటే అంత మంచి కర్ర.

ఈ నార రహస్యం అమెరికా వాళ్లు 19వ శతాబ్దం మధ్యలో పట్టుకున్నారు. పెన్సిల్వేనియాలోని ఈస్టన్‌లో శామ్యూల్ ఫిలిప్పీ అనే తుపాకుల పనివాడు వెదురును బద్దలుగా చీల్చి, పైపొర బయటికుండేలా అతికించి గాలపు కర్రలు చేశాడు. అక్కడి పనివాళ్లు వాడిన వెదురు పేరేమిటో తెలుసా? 'కలకత్తా కేన్'! ఆ రేవు నుంచి ఓడలెక్కేది కాబట్టి ఆ పేరు. మన నల్లమలలో పెరిగే, లాఠీలు చేసే గట్టి వెదురు జాతే అదని చెబుతారు. తర్వాత చైనా నుంచి వచ్చిన 'టాంకిన్' వెదురు దాన్ని పక్కకు నెట్టేసింది. 1950లో చైనా సరుకుపై అమెరికా ఆంక్షలు పెట్టడంతో అదీ ఆగి, ఫైబర్‌గ్లాస్‌కు దారి దొరికింది. 1973లో ఫెన్విక్ కంపెనీ కార్బన్ కర్రలను మార్కెట్లోకి తెచ్చింది.

వీటిలో బాగా ముచ్చటైనది 'ఫ్లై రాడ్'. మన గాలంలో సీసం బరువు దారాన్ని లాక్కెళ్తుంది. ఇక్కడ ఎర ఈకలు కట్టిన కొక్కెం, దానికి బరువే ఉండదు. కాబట్టి బరువు తాడులో ఉంటుంది. ఆ తాడును విసిరేది కర్ర. అందుకే తాడును బట్టే కర్ర. తాడులో మొదటి 9 మీటర్ల బరువును బట్టి నంబరిస్తారు. 3 నంబరంటే సుమారు 6.5 గ్రాములు, 5 అయితే 9 గ్రాములు. పరిగెల్లాంటి చిన్న చేపలకు 3, 4 సరిపోతాయి. తుంగలో దూరే కొరమీనును లాగాలంటే 7, 8 కావాలి. తుమ్మలపెంట ఒడ్డున సముద్రపు గాలికి ఎదురుగా 3 నంబరు విసిరారనుకోండి, మన మొహానికే తిరిగొస్తుంది!

సొంతంగా కర్ర కట్టుకునేవాళ్లు రింగులు, పిడి, రీలు పట్టే భాగం ఏవీ లేని ఉత్త గొట్టం కొంటారు. దాన్నే 'బ్లాంక్' అంటారు. అందులో గట్టి కార్బన్ వాడేకొద్దీ గోడ పలచనై బరువు తగ్గుతుంది. అయితే ఓ చిక్కుంది. అలాంటి కర్ర చేపకు విరగదు కానీ రాతికి తగిలినా, తలుపు సందులో నలిగినా పుటుక్కుమంటుంది. ఇంట్లో పిల్లలుంటే, మొదటి కర్ర కాస్త బరువైనదే మేలని నా అభిప్రాయం. బ్లాంక్ కొనేటప్పుడు మొదలు నేలకానించి, కొన అరచేతిలో పెట్టి కొద్దిగా వంచి తిప్పండి. ఒకచోట టక్కున తిరిగి నిలబడుతుంది. కార్బన్ పొరలు ఒకదానిపై ఒకటి ఎక్కిన చోటు వల్ల వచ్చే బిగువది. రింగులు ఆ వరసలోనే కట్టాలంటారు కొందరు. కంటికి నిటారుగా కనిపించే వరస చాలంటారు మరికొందరు. నా ఓటు రెండోవారికే. వంకర కర్రతో గురి కుదరదు.

పిల్లల చేతికిచ్చే ముందు ఇంకొక్కటి. కార్బన్ కరెంటును పారిస్తుంది. 9 అడుగుల కర్ర ఎత్తిన పిల్లాడి చేయి ఎంత ఎత్తుకెళ్తుందో లెక్కేసుకోండి. కాలువ గట్ల మీద, పొలాల మధ్య వేలాడే తీగల కింద ఏ గాలమూ వేయనివ్వకండి. ఉరుము వినిపిస్తే కర్ర కింద పెట్టించి ఇంటికి తీసుకొచ్చేయండి. తడిసిన వెదురుకీ ఇదే వర్తిస్తుంది.