మూడు వారాల విశ్రాంతి

పోయిన వేసవిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాం. ఓ ఆదివారం వీస్‌బాడెన్ చూపిస్తానని బయల్దేరదీసింది. లోకల్ రైల్లో గంట కూడా పట్టలేదు. ఆ హెస్సే రాష్ట్రానికి రాజధాని ఫ్రాంక్‌ఫర్టే అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదట, ఈ ఊరట.

ఊరి నడిబొడ్డున కోక్‌బ్రున్నెన్ అనే ఊట ఉంది. మరిగే బావి అని అర్థం. నీళ్ళు సుమారు 66 డిగ్రీల వేడితో పైకి వస్తాయి, పొయ్యీ లేదు, గీజరూ లేదు. నీళ్ళు జారే రాయి మీద నారింజ రంగు పెచ్చులు కట్టాయి. మన హీటర్ కాయిల్‌కి తెల్లగా పట్టేస్తుందే, అలాంటిదే. పక్కనే కుళాయి ఉంటే మావారు ఓ గుక్క తాగి, "చారులో ఉప్పు ఎక్కువైనట్టుంది" అన్నారు. ఎవరి చారో చెప్పలేదు.

రోమన్లు రెండువేల ఏళ్ళ కిందటే ఈ నీళ్ళ కోసం ఇక్కడ స్నానశాలలు కట్టుకున్నారట. 1907లో కట్టిన కూర్‌హౌస్ పెద్ద స్తంభాలతో రాజభవనంలా ఉంది. అందులోనే జూదశాల. దోస్తోయెవ్‌స్కీ 1865లో ఈ ఊళ్ళోనే రూలెట్ ఆడి డబ్బంతా పోగొట్టుకున్నాడు. నాకు మాత్రం దాని వెనకున్న పార్కే నచ్చింది. 1852 నాటిది. పెద్ద పెద్ద చెట్లు, చెరువు, బెంచీలు. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి కాబట్టి రెండు గంటలు కదల్లేదు. మనవడు బాతుల వెంట, అల్లుడు వాడి వెంట.

"కూర్ అంటే ఏంటే?" అని అడిగాను అమ్మాయిని. వైద్యం కోసం ఊరు మారి విశ్రాంతి తీసుకోవడమట. వాళ్ళ పక్కింటావిడ పిల్లలిద్దరితో మూడు వారాలు కూర్‌కి వెళ్ళిందట. అయ్యో, ఏం జబ్బు అన్నాను. జబ్బేం లేదట, ఇల్లూ పిల్లలతో అలిసిపోయిందని డాక్టరు రాసిచ్చారట. ఖర్చు ఆరోగ్య బీమాది. తను కట్టాల్సింది రోజుకి 10 యూరోలు. తొలి అధ్యక్షుడి భార్య ఎల్లీ హాయిస్-క్నాప్ 1950లో తల్లుల విశ్రాంతి కోసమే ఒక సంస్థ పెట్టిందట. అడిగిన అందరికీ మంజూరవదు కానీ అడిగే హక్కుంది.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. తెల్లారకముందే లేచి బాయిలర్ రాజేసి ఇంటిల్లిపాదికీ వేడినీళ్ళు తోడేది. తన వంతు వచ్చేసరికి అడుగున గోరువెచ్చగా నాలుగు చెంబులు. కాన్పుకి పుట్టింటికెళ్ళినప్పుడు తప్ప ఆవిడ పడుకోవడం ఎవరూ చూడలేదు. తీర్థయాత్రకెళ్ళినా పులిహోర మూట ఆవిడే కట్టాలి.

"నువ్వూ రెస్టు తీసుకో, వద్దన్నదెవరు?" అన్నారు మావారు. నిజమే, ఎవరూ వద్దనరు. కానీ తర్వాత అంట్లు అలాగే ఉంటాయి. ఇంట్లోవాళ్ళ దయ మీద దొరికే విశ్రాంతి సగం విశ్రాంతే అని నా అభిప్రాయం. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఈవిడ పని చేయకూడదని మందుచీటీ మీద రాసి ఉండాలి. అప్పుడు అపరాధభావం ఉండదు. నేనిక్కడికి విశ్రాంతికే వచ్చానని మా ఆడపడుచులు అనుకుంటున్నారు. వచ్చిన మర్నాటి నుంచీ వంట నాదే. అమ్మాయి ఆఫీసు, మనవడి కిండర్‌గార్టెన్, దాని కళ్ళకింద నలుపు చూశాక చేయకుండా ఎలా ఉంటాను?

తిరుగు రైల్లో దాన్ని అడిగాను, "నువ్వూ డాక్టర్ని అడగొచ్చు కదే, పిల్లాణ్ణి తీసుకుని వెళ్ళు."

"ఆఫీసులో ఏమనుకుంటారో అమ్మా. అయినా ఆ మూడు వారాలూ నువ్వొచ్చి మీ అల్లుడికి వండిపెడతావా?"

"అతనికి కుక్కర్ పెట్టడం వచ్చుగా" అన్నాను. ఎదురు సీట్లో అల్లుడు ఫోన్లోంచి తల ఎత్తలేదు.